‘త’ దగ్గర ఆగిన మాట

ఏమండీ,

నమస్కారాలు. ఇక్కడ అత్తయ్య, బొగ్గు, నేను, ముగ్గురం క్షేమం. లేచి వెళ్లి వాళ్లిద్దరినీ కళ్లారా చూసుకుని, వచ్చి కూర్చుని మరీ రాస్తున్నాను, కాబట్టి ఈ మాట నమ్మవచ్చు. అక్కడ వంతెన మీద గాలి ఎక్కువన్నారు. నడుముకి బెల్టు కట్టుకునే వెల్డింగు చేస్తున్నారని అనుకుంటున్నాను. అనుకోవడం కాదు, కట్టుకోండి.

అత్తయ్య మోకాలి గురించి అడిగారు. మునుపటికంటే నయం. రోజూ అరగంట నడవమన్నారు డాక్టరు. ఆవిడ పెరట్లో మొక్కల మధ్యకి వెళ్లి, ఒక్కో వంకాయ దగ్గర ఆగి దాని యోగక్షేమాలు కనుక్కుని, “అయిపోయిందే అమ్మాయ్, ఇవాళ్టికి నడిచేశాను” అంటున్నారు. నేను గడియారం చూపిస్తే, దానికి బ్యాటరీ మార్చమంటున్నారు. వంటింటి కుళాయికి మనిషిని పిలిచావా అన్నారు. పిలవలేదు. మీ పనిముట్ల పెట్టె తీసి వాషరు నేనే మార్చాను. మొదటిసారి తిరగేసి బిగించాను, వంటిల్లంతా నీళ్లయింది. రెండోసారి కుదిరింది. ఇప్పుడు చుక్క కారడం లేదు.

పెరడు ఇంకా ఉందా, ఇంటాయన సిమెంటు పోసేశాడా అని అడిగారు. ఉంది. మనం వచ్చినప్పుడు అక్కడ పగిలిన ఇటుకలు, తుప్పు రేకులు, ఒక విరిగిన మంచం తప్ప ఏమీ లేవని మీకు గుర్తుండే ఉంటుంది. “ఆ చెత్త మీ ఇష్టం, ఏమైనా చేసుకోండి” అన్నది పైన ఉండే ఈ ఇంటాయనే. బైండింగు షాపు నుంచి వచ్చాక రోజుకో తట్ట చొప్పున ఇటుకలు ఏరాను. ఇప్పుడు మూడు మళ్లు టమాటా, ఒకటి వంగ, గోడ వారన చిక్కుడు, పాత మంచం కోళ్ల మీద బీర తీగ. టమాటాలు ఎర్రబడ్డ రోజే కోయాలి, లేకపోతే బొగ్గు కోస్తుంది. కుక్కే గాని పచ్చివాటి జోలికి పోదు. పండినదాన్నే వాసన పట్టి, కొమ్మ విరక్కుండా తెంపి, తోటకూర మడిలో పడుకుని తింటుంది. ఆ మడి దాని పరుపు. అక్కడ తోటకూర ఎప్పటికీ మొలవదని నేను విత్తడం మానేశాను.

ఇక మీరు అడిగిన చివరి ప్రశ్న. “కిందటి ఉత్తరంలో బొగ్గు ఊసే లేదేం?” అన్నారు. ఎందుకు లేదో చెప్తాను. నిలబడి చదువుతుంటే కూర్చోండి.

ఆ ఉత్తరం రాసేనాటికి బొగ్గు ఇంట్లో లేదు. కుక్కల బండి వాళ్లు పట్టుకెళ్లి అప్పటికి ఒక రోజయింది. “అందరం క్షేమం” అని మీకు అబద్ధం రాశాను.

ఆ మంగళవారం పొద్దున నీళ్ల మీటరు చూసే ఆయన వచ్చాడు. మీటరు చిక్కుడు పాదు వెనక గోడకుంటుంది కదా. పందికొక్కులు రాకుండా నేను పాదు చుట్టూ ఇనప తీగ కట్టాను. కట్టానే గాని, ఒక కొస మడవకుండా బయటికి వదిలేశాను. ఆయన వంగి అంకెలు రాసుకుని వెనక్కి అడుగేశాడు. ఆ కొస ప్యాంటులో దిగి, చర్రున చీరి, పిక్క మీద జానెడు గీత పెట్టింది. ఆయన కేకేశాడు. ఆ కేకకి తోటకూర మడిలో పడుకున్న బొగ్గు లేచి, ఆయన కాళ్ల దగ్గరికొచ్చి మొరిగింది. ఆయన కిందికి చూసేసరికి కనిపించింది రక్తం, దాని పక్కన నల్లకుక్క. ఇంకేం అనుకుంటాడు పాపం?

ఇంటాయన మెట్లు దిగొచ్చాడు. కారు కొంటున్నాడు, అది పెట్టుకోవడానికి పెరడు కావాలి, మన కుక్కా మన మొక్కలూ అడ్డం. ఆ కసి మీకు తెలిసిందే.

“కరిచిందా? నేను ముందే చెప్పాను, ఇది కరిచే రకమని!” అన్నాడు.

నేను వంటింటి కిటికీలోంచి అంతా చూశాను. పరుగెత్తుకుంటూ వచ్చాను. నేను చెప్పాల్సింది ఒక్కటే మాట, తీగ. నా నత్తి సంగతి మీకు తెలుసు. కంగారు పడితే ‘త’ అసలు కదలదు.

“త... త... త...” అన్నాను.

“తప్పయిపోయిందంటావు, అంతేనా?” అన్నాడు ఇంటాయన. “విన్నారుగా, తప్పని ఆవిడే ఒప్పుకుంటోంది.”

నేను అడ్డంగా తల ఊపాను. ఆయన అప్పటికే ఫోన్ తీశాడు. మీటరాయన కుంటుకుంటూ ఆస్పత్రికి వెళ్లిపోయాడు. గంటలో బండి వచ్చింది. బొగ్గుకి బండ్లంటే ఎంత సరదానో తెలుసు కదా, వాళ్లు తాడు వేయకముందే తోక ఊపుకుంటూ ఎక్కింది. తలుపు వేశాక గాని దానికి అర్థం కాలేదు. అప్పుడు నా వైపు చూసింది. ఆ మాట నా నోట్లోంచి బయటపడింది ఎప్పుడో తెలుసా? బండి మలుపు తిరిగాక. “తీగ” అని వీధికి చెప్పాను. వీధిలో ఎవరూ లేరు.

అప్పుడే మీకు ఎందుకు చెప్పలేదంటారేమో. చెబితే మీరు వంతెన దిగి, ఎవరికో ఫోన్ చేసి, “మా ఆవిడకి మాట సరిగా రాదు, కాస్త చూసుకోండి” అని బతిమాలి పని చక్కబెడతారు. పెళ్లయిన పద్నాలుగేళ్లుగా చక్కబెడుతున్నారు. దుకాణంలో నేను నోరు తెరిస్తే మీరు ఉల్లిపాయలంటారు. నాకు కావలసింది ఉప్పు. ఇంటికి వచ్చాక ఉప్పు లేకుండా వండుకుంటాం. మీది ప్రేమేనని నాకు తెలుసు. ఇంటాయనది కుట్ర. కాని ఇద్దరూ చేసిన పని ఒకటే అని ఆ రోజు బండి వెనక నిలబడి తెలుసుకున్నాను. కోపం వచ్చినా సరే, ఈ వాక్యం కొట్టేయను.

ఆ రోజంతా ఏడ్చాను. మర్నాడు షాపుకి వెళ్లి, ఒక లావుపాటి పుస్తకాన్ని తలకిందులుగా కుట్టి మళ్లీ విప్పాను. సాయంత్రం మీకు ఆ అబద్ధం ఉత్తరం రాశాను. ఆ పూటే అత్తయ్య కనుక్కొచ్చారు. కరిచిన కుక్కని పది రోజులు షెడ్డులో ఉంచుతారట, ఆ తర్వాత సూది వేస్తారట.

“పదవే, నేనొచ్చి మాట్లాడతాను. నా మోకాలు పోతే పోయింది” అన్నారు.

“వ... వద్దు. నేనే వెళ్తాను” అన్నాను.

ఆవిడ కంచం పెట్టి, “అయితే తిని వెళ్లు. ఖాళీ కడుపుతో గొంతు లేవదు” అన్నారు.

గురువారం షాపుకి సెలవు పెట్టి నీళ్ల ఆఫీసుకి వెళ్లాను. కౌంటరు ముందు వరుస. నా వెనక పదిమంది. నా వంతు వచ్చాక, మీటరు చూసే ఆయన్ని కలవాలని మొదలుపెట్టాను. ‘మీ’ దగ్గర బాగానే నడిచి, ‘కలవాలి’ దగ్గర బండి ఆగిపోయింది. కౌంటరులో మనిషి చెడ్డవాడేం కాదు. ఒక తెల్ల కాగితం, పెన్ను నా వైపు తోశాడు.

“రాసివ్వమ్మా, చదువుకుంటాం.”

నా దస్తూరి బాగుంటుంది. రెండు నిమిషాల్లో రాసి ఇవ్వవచ్చు. కాని ఆ కాగితం చూడగానే నాకు ఎక్కడలేని రోషం వచ్చింది. బడిలో పంతులమ్మ నుంచి పెళ్లిచూపుల్లో మీ మేనత్త దాకా అందరూ నా ముందుకి కాగితమే తోశారు. వెనక్కి తోసేశాను.

“మా... మాట్లాడతాను. ఆ... ఆలస్యమవుతుంది. వి... వినండి” అన్నాను.

వెనక ఎవరో విసుగ్గా పెదవి చప్పరించారు. తిరిగి చూశాను, అంతే, ఆ చప్పుడు మళ్లీ రాలేదు. ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు. చివరికి ఆయన లోపలికి వెళ్లి మీటరాయన్ని పిలుచుకొచ్చాడు. ఆఫీసులోనే కూర్చుని అంకెలు ఎక్కిస్తున్నాడట, కాలు నొప్పని బయటికి పంపలేదట.

ఆయనకి మొత్తం చెప్పాను. తప్పు కుక్కది కాదు, నాదని, ఆ తీగ కొస నేనే వదిలానని. ఆయన ప్యాంటు పైకి మడిచి కట్టు చూపించాడు.

“ఆస్పత్రిలో నర్సు కూడా అదే అంది. పళ్లయితే గుంటలు పడతాయి, ఇది గీత కదా అంది. మీ ఇంటాయన ఫోన్ చేసి, కుక్క అనే రాయించండి, లేకపోతే మళ్లీ ఎవరినో కరుస్తుంది అన్నారు. నాకు ఆ గొడవంతా ఎందుకని ఊరుకున్నాను.”

“దాన్ని చంపేస్తారు” అన్నాను. ఈ మాట మాత్రం ఎక్కడా ఆగలేదు.

ఆయన మడిచిన ప్యాంటు కిందికి దింపుకున్నాడు. “రేపు నాకు మధ్యాహ్నం దాకా పని లేదు. వస్తాను పదండి” అన్నాడు. ఆయన చంకలో మీటరు పుస్తకం కుట్లు తెగి, పేజీలు బయటికి వేలాడుతున్నాయి. ఇమ్మని అడిగి తీసుకున్నాను. ఆ సాయంత్రం మైనం పట్టించిన దారంతో కుట్టి, కొత్త అట్ట వేశాను. ఇప్పుడది ఆ ఆఫీసుకంటే ఎక్కువ కాలం ఉంటుంది.

శుక్రవారం షెడ్డుకి వెళ్లాం. ఆయన కాగితం మీద జరిగింది జరిగినట్టు రాసి సంతకం పెట్టాడు, ఇంటాయన ఫోన్ సంగతితో సహా. అక్కడి గుమాస్తా ఆవిడ నన్ను అడిగింది, “కుక్క మీదేనని ఎలా నమ్మాలి?” అని. నేను “బొ...” అన్నాను. ‘గ్గు’ అనేలోపు లోపల అరుపు మొదలైంది. నా మాట సగంలో అందుకున్నందుకు కోపం రానిది ఆ ఒక్కదాని మీదే. బయటికి వచ్చి నా మీద పడి, నన్ను కింద కూలేసి, ముఖమంతా నాకింది. పక్కటెముకలు తేలిపోయాయి. మూడు రోజులుగా ఏమీ తినలేదట.

ఇంటాయన్ని నిలదీయాలనున్నా శనివారం దాకా ఓపిక పట్టాను. ఆదివారం పొద్దున ఇంటాయన పెరట్లో పన్నెండు సిమెంటు బస్తాలు దింపించాడు. బొగ్గుని చూసి, “ఇది మళ్లీ ఎలా వచ్చింది?” అన్నాడు.

పారతో మడిలో నిలబడే చెప్పాను. తీగ తప్పు నాది, దాని కొస మడిచాను, పైన రబ్బరు గొట్టం తొడిగాను, చూసుకోండి. ఫోన్ తప్పు మీది, అది షెడ్డు కాగితంలో ఉంది. పెరడు కింది వాటా వాళ్లదే అని అద్దె కాగితంలో మీ చేత్తో మీరే రాశారు. ఇదంతా మీకు రాసినంత సులువుగా రాలేదు. ప్రతి రెండో మాటకీ ఆగాను. ఆయన మూడుసార్లు అందుకోబోయాడు.

“అంటే నువ్వనేది...”

నేను చెయ్యెత్తాను.

“మా... మాట నాది. పూ... పూర్తి చేసేదీ నేనే.”

గుమ్మంలో అత్తయ్య కొంగు నోట్లో కుక్కుకుని నిలబడ్డారు. ఒక్క మాట సాయం రాలేదు. ఆవిడ జీవితంలో అంత కష్టమైన పని మరొకటి చేసి ఉండరు.

ఆఖరికి ఇంటాయన, “అగ్రిమెంటు అయిపోగానే ఖాళీ చెయ్యండి” అన్నాడు.

“అ... అయ్యాక చేస్తాం. అ... అందాకా ఒక్క మొక్క ముట్టుకోవద్దు” అన్నాను.

ఇంకా ఏడు నెలలుంది. ఆయన మూతి బిగించుకుని పైకి వెళ్లాడు. బస్తాలు ఎవరు తీయాలన్న పంతంలో అవి అక్కడే ఉండిపోయాయి. రెండు రోజులు వాన పడింది. పన్నెండూ రాళ్లయిపోయాయి. వాటిలో ఒకదాని మీద కూర్చునే అత్తయ్య ఇప్పుడు చిక్కుళ్లు వలుస్తున్నారు, ఎత్తు మోకాలికి సరిగ్గా సరిపోయిందట.

ఇక అసలు దాచిన మాట. బొగ్గు సంగతి అసలు మాట అనుకున్నారా? కాదు.

మీ ఉత్తరంతో పాటు ఇంటాయనకి ఇమ్మని ఒక చీటీ పెట్టారు. అతికించలేదు కాబట్టి చదివాను. అతికించినా చదివేదాన్ని. “మా ఆవిడ మాటలు పట్టించుకోకండి. తనకి సరిగా చెప్పడం రాదు. సిమెంటు పోసుకోండి, మాకేం అభ్యంతరం లేదు” అని రాశారు. నేను నిలబెట్టుకున్న పెరడుని, ఎక్కడో వంతెన మీద కూర్చుని మీరు ఒక్క చీటీతో ఇచ్చేశారు. అది ఇంటాయనకి ఇవ్వలేదు. మా షాపులో ఒక పాత నిఘంటువుకి కొత్త అట్ట వేస్తున్నాను. మీ చీటీని ఆ అట్ట లోపల జిగురు పూసి అంటించి, పైన గుడ్డ వేసేశాను. అది నిన్ననే లైబ్రరీకి వెళ్లిపోయింది. కావాలంటే వచ్చి, ఆ పుస్తకం చించి తీసుకోండి. లైబ్రరీ వాళ్లకి మీరే చెప్పుకోవాలి.

ఇది చేసినందుకు నాకు పశ్చాత్తాపం లేదు. చెప్పకుండా ఉండలేక చెబుతున్నాను, క్షమించమని కాదు.

ఆదివారాలు మీరు ఫోన్ చేసినప్పుడు అత్తయ్యే మాట్లాడుతున్నారు. నేను పక్కన కూర్చుని తలూపుతాను, “అది కూడా బాగానే ఉందిరా” అని ఆవిడ నా తలని మీకు చదివి వినిపిస్తారు. ఈ ఆదివారం ఫోన్ నేనే ఎత్తుతాను. ముందుగా ఏమీ వినబడదు. లైను తెగిందనుకుని పెట్టేయకండి. హలో హలో అని అరవకండి. ఆ నిశ్శబ్దంలో నేనున్నాను, మాట వస్తోంది. వచ్చేదాకా ఆగండి.

ఇట్లు,
మీ ఆవిడ