ఆకుబొమ్మ కంటే పెద్ద అక్షరాలు

అన్నయ్యా,

నువ్వు ఊళ్లో లేనప్పుడు ఒక పని చేశాను, కోప్పడకుండా చదువు. మట్టిలో కలిసిపోతాయని ఆకుబొమ్మ వేసి మనం అమ్మే సంచుల మీద “ఇంటి పెరట్లో కుళ్లదు, ఎరువు తయారుచేసే కేంద్రానికే పంపాలి” అని పెద్దగా వేయాలన్నది కొత్త నిబంధన. కొనేవాళ్లు జంకుతారని నువ్వు చీమ తలకాయంత అక్షరాల్లో వేయమన్నావు.

నిన్న వదిన మట్టి అంటిన మన సంచి పట్టుకుని అచ్చుగదికి వచ్చింది. నిరుడు కూరగాయల తొక్కలతో సహా గులాబీ మొక్క పక్కన పాతిందట. మొక్క ఎండిపోయిందని తవ్వితే వేళ్లన్నీ దానికే చుట్టుకుని ఉన్నాయట. సంచి మాత్రం చెక్కుచెదరలేదు.

“మట్టిలో కలిసిపోతుందని మీరే కదమ్మా రాశారు?” అంది మెల్లగా.

మిషను ఆపించి అచ్చు మార్పించాను. ఇప్పుడు ఆ హెచ్చరిక ఆకుబొమ్మ కంటే పెద్దగా పడుతోంది. ఆర్డరు పోతే నన్నే తిట్టు. కానీ ఇంటికి రాగానే ముందు పెరట్లోకి వెళ్లు. నీకు చూపించాలని వదిన ఆ గుంట ఇంకా పూడ్చలేదు.

నీ చెల్లి