ఛోలే బండి సిలిండర్లు

సోమవారం, జనక్‌పురి

ఇరవై ఏళ్లుగా కోర్టు వార్తలు రాస్తున్నాను. సాక్షి బోనెక్కడం మాత్రం ఇవాళే మొదలు.

కరోల్ బాగ్‌లో సురీందర్ బట్టల కొట్టు కాలిపోయింది. శిథిలాల ముందు రెండు గ్యాస్ సిలిండర్లున్న ఫొటో చూపించి, అవి నిబంధనలకు విరుద్ధంగా కొట్టులో ఉంచినవేనంటూ బీమా కంపెనీ పరిహారం ఎగ్గొట్టింది. అతనికి మిగిలిన ఆధారం, ఆ రోజు అక్కడికి వెళ్లి నేను రాసిన వార్త ఒక్కటే.

కంపెనీ లాయరు మూర్తిగారిది గుంటూరు. ముప్పై ఏళ్లుగా కంపెనీల తరఫునే వాదిస్తున్నారు. గొంతు పెంచరు.

“షార్ట్ సర్క్యూట్ అని రాశారు. చూశారా?”

“లేదు. ఫైర్‌మన్ చెప్పాడు.”

“ఆ సంగతి వార్తలో ఉందా?”

“లేదు.”

అంతే, కూర్చున్నారు.

బయట టీ కొట్టు దగ్గర నవ్వారు. “కోపమొచ్చిందా అండీ? ఇన్నాళ్లూ మీరు మమ్మల్ని అడిగారు. ఇవాళ మా వంతు.”

తప్పు నాది, ఆయనది కాదు. సురీందర్ మాత్రం, “భాయ్‌సాబ్, మీరే ముంచేశారు” అని వెళ్లిపోయాడు.

ఇంటికొచ్చి అప్పటి నోట్‌బుక్ వెతికాను. మంటలు ఆరకముందు రాసుకున్న పేజీ దొరికింది. రెండు సిలిండర్లూ కొట్టు బయట, శనగల కూర అమ్మే ఛోలే బండికి గొలుసుతో కట్టి ఉన్నాయి. అది నేను చూసిందే.

రేపు సురీందర్ లాయరు నన్ను మళ్లీ ప్రశ్నిస్తారు. పొద్దున్నే ఈ పేజీ ఆయనకు చూపిస్తాను. మంట ఎలా పుట్టిందో తెలియదంటాను, సిలిండర్లు ఎక్కడున్నాయో చెబుతాను.

మూర్తిగారు వదలరు. అది వార్తలో ఎందుకు రాయలేదని అడుగుతారు. ముఖ్యమని అప్పట్లో నాకు తోచలేదు. అదీ చెబుతాను.