గట్టిగా పాడిన పాట

శుక్రవారం, గల్ఫ్‌లోని వాడి కబీర్ పేట.

ఇక్కడ శుక్రవారమే సెలవు, ఆరాధనా ఆరోజే. చర్చి నుంచి ఇంటికి రాగానే, ఓడలో పనిచేసే మా ఆయన అక్కడి నుంచి ఫోన్ చేశారు. ఎప్పుడూ రాత్రి కుటుంబ ప్రార్థన వేళకే చేస్తారు. మధ్యాహ్నం చేయడం ఇదే మొదటిసారి.

"సముద్రం మీద ఎలా ఉందండీ? ఓడల మీద దాడులంటూ వార్తల్లో ఏవేవో చెబుతున్నారు," అన్నాను.

"వార్తలవాళ్ళకి వేరే పనేముంది? పాపకివ్వు ఫోను," అన్నారు.

మా పాప కెజియా కోసం సండే స్కూల్ పాట అందుకున్నారు. గొంతు చించుకుని పాడారు. "నాన్నా, నాకేమైనా చెవుడా? మెల్లగా పాడు!" అని అది ఒకటే నవ్వు. నేనూ నవ్వాను. పాట మధ్యలో లైన్ కట్టయింది. సిగ్నల్ లేదేమో అనుకున్నాను.

సాయంత్రం కెజియా టీవీలో పాత హాలీవుడ్ సినిమా పెట్టింది. అప్పట్లో యుద్ధం జరుగుతుండగానే జనాన్ని నవ్వించడానికి తీశారట. అన్నీ పాటలూ డాన్సులే. ఒకచోట పైన విమానాలు తిరుగుతుంటే, నేలమాళిగలో పిల్లలు బిక్కుబిక్కుమంటూ కూర్చుంటారు. సిపాయి హీరో బకెట్ నెత్తిన పెట్టుకుని, కోతిచేష్టలు చేస్తూ పాట ఎత్తుకుంటాడు. బాంబుల మోత దగ్గరవుతున్నకొద్దీ గొంతు పెంచుతాడు, పిల్లలకి ఆ మోత వినబడకూడదని.

కెజియా పడీ పడీ నవ్వింది. నేను ఫోన్ తీసి, మధ్యాహ్నం ఆయన చేసిన నంబరుకి కలిపాను.

ప్రార్థన వేళ దాటింది. ఫోన్ రాలేదు. నేను చేస్తే కలవడం లేదు. ఇద్దరమే మోకరించి ప్రార్థన చేసుకున్నాం.

"అమ్మా, మిగతా పాట నాన్న రేపు పాడతారా?" అంది.

"పాడతారే!" అన్నాను. నా గొంతు నాకే మరీ గట్టిగా వినిపించింది.