కడగని ప్లేటు

సూళ్లూరుపేట,
19-1-1939

నా సరోజకు,

ముందు నీ ఒంట్లో ఎలా ఉందో రాయి. నా సంగతి అంటావా, సముద్రాన్ని చూశాను. హిందూపురం చలి గురించి గొప్పలు చెప్పుకునేవాణ్ణి, ఇక్కడి గాలికి నోరు మూసుకున్నాను. తెల్లవారగానే కెమెరా భుజాన వేసుకుని, పుల్లన్న అనే జాలరి వెంట ఇసుకలో రెండు మైళ్లు నడుస్తున్నాను. వేళ్లు కొంకర్లు పోయి కెమెరా మూత తీయడానికే చాలాసేపు పడుతోంది.

మీ నాయన అడిగిన కొంగలు వేలల్లో ఉన్నాయి. పొడుగు కాళ్లు, రెక్క విప్పితే లోపల గులాబీ రంగు. "ఏమప్పా అల్లుడా, ఎగిరే కొంగ రెక్క ఎట్లుంటాదో బొమ్మ తెచ్చియ్యి, చీర అంచుకు నేతలో ఎత్తుకుంటా" అని ఆయన ధర్మవరం స్టేషన్లో చెప్పినప్పుడు, ఇదెంత పని అనుకున్నాను. పెళ్లివాళ్లను కదలకుండా నిలబెట్టే నా స్టూడియో పెత్తనం వీటి ముందు చెల్లదు. నేను నల్లగుడ్డ కప్పుకోగానే అన్నీ లేచిపోతాయి. నాలుగు గాజు ప్లేట్లు తగలేశాను. నాలుగింటిలోనూ ఉత్త ఆకాశమే ఉంటుందని మందులో వేసి కడగకుండానే తెలుసు.

మన బిడ్డ ఓబులమ్మ పోయినప్పటి నుంచి నేను ఇంట్లో గోడలు చూస్తూ కూర్చుంటున్నానని, మీ నాయన ఈ కొంగల వంక పెట్టి నన్ను బయటికి తరిమాడేమో. మంచిదే.

నీ
నారాయణస్వామి


సూళ్లూరుపేట,
24-1-1939

సరోజా,

ఈ ఉత్తరం రాయడానికి చేతులు రావడం లేదు. రాయక తప్పదు.

దసరాకు పెనుకొండలో కోట వాకిలి ముందు ఓబులమ్మను నిలబెట్టి ఫోటో తీశాను కదా. పక్షం తిరగకముందే జ్వరం వచ్చి మన బిడ్డ పోయింది. ఆ ప్లేటు కడగమని, మొహం ఒక్కసారి చూపించమని నువ్వు అడిగినప్పుడల్లా మద్రాసు నుంచి మందుపొడి రావాలన్నాను. అబద్ధం. మందు ఇంట్లోనే ఉంది. మందులో వేసిన ప్లేటు మీద బొమ్మ ఒక్కసారిగా రాదు, కొంచెం కొంచెంగా తేలుతుంది. ముందు గౌను, తరువాత మొహం, కళ్లు. ఎర్రదీపం ముందు ఒక్కణ్ణే నిలబడి అది చూసే ధైర్యం నాకు లేకపోయింది. నల్లగుడ్డలో చుట్టిన ఆ ప్లేటును పెట్టె అడుగున పెట్టుకుని ఈ సముద్రం దాకా మోసుకొచ్చాను. నన్నెవరూ ఎరగని ఊళ్లో, ఏడ్చినా అడిగేవాళ్లు లేనిచోట కడుగుదామనుకున్నాను.

నిన్న పొద్దున వెళ్లేసరికి నీళ్లు చాలా దూరం వెనక్కి పోయి ఉన్నాయి. కొంగలు ఆ బురద అంచున మేస్తున్నాయి. మన చెరువుల్లో నీళ్లు వెనక్కి పోతే మళ్లీ వాన పడేదాకా రావు. నాకు తెలిసిన నీళ్లు అవే. బసలో వదల్లేక వెంట తెచ్చుకున్న ఆ పెట్టెను ఎండిన ఇసుకదిబ్బ మీద పెట్టి, కెమెరా ఒక్కటి పట్టుకుని బురదలో పాకుతూ పోయాను. ఎంతసేపు పాకానో తెలియదు. ఒక కొంగ రెక్క విప్పింది. తీశాను కూడా. వెనక్కి తిరిగితే దిబ్బ లేదు. దాని మీద మోకాళ్లు దాటిన నీళ్లు పారుతున్నాయి. సాయంత్రం దాకా పుల్లన్న, నేను కాళ్లతో తడుముతూ వెతికాం. చలికి కాళ్లు మొద్దుబారాయి. గుడ్డపీలిక కూడా దొరకలేదు.

"పోయిన నీళ్లు తిరిగొస్తాయని తెలీదా సామీ?" అని అడిగాడు పుల్లన్న. తెలియదన్నాను.

బిడ్డను రెండోసారి పోగొట్టాను. నీ ముందుకు ఎలా వచ్చి నిలబడను? ఇక్కడే ఏదో ఒక పని చూసుకుని ఉండిపోతాను. నన్ను రమ్మనవద్దు.

నారాయణస్వామి


ధర్మవరం,
30-1-1939

ఓబులమ్మ నాయనకు సరోజమ్మ రాయునది.

మీ ఉత్తరం నాయన చదివి పెడతానంటే ఇవ్వకుండా నేనే అక్షరాలు కూడబలుక్కుని చదువుకున్నాను. రెండు దినాలు పట్టింది.

మందుపొడి సంగతి అబద్ధమని నాకు అప్పుడే తెలుసు. డబ్బా అటక మీద చూశాను. మీరు పెళ్లి ఫోటోలకు మడకశిర పోయిన రోజు, ఇంట్లో ఎవరూ లేనప్పుడు మీరు ఆ ప్లేటు దాచిన పెట్టె తెరిచాను. గుడ్డ విప్పి, ప్లేటును వాకిట్లోకి తెచ్చి, మొహం బాగా కనపడాలని ఎండకు పట్టుకున్నాను. గాజు మీద మీగడ రంగు పూత తప్ప ఏమీ లేదు. అటు తిప్పాను, ఇటు తిప్పాను, కొంగుతో తుడిచాను కూడా. మీరు అసలు ఫోటోయే తీయలేదని, నన్ను ఊరడించడానికి తీశానంటున్నారని అనుకున్నాను. అట్లే చుట్టి పెట్టేశాను. ఆ రోజు నుంచి మీకు అన్నం పెడుతున్నా లోపల పళ్లు కొరుక్కుంటూనే ఉన్నాను.

మందులో వేశాకే బొమ్మ తేలుతుందని మీ ఉత్తరంలో చదివాక నాకు అనుమానం వచ్చింది. కడగని ప్లేటుకు ఎండ తగిలితే ఏమవుతుందో కనుక్కు రమ్మని నాయనను స్టేషన్ పక్క ఫోటోలు తీసే జయరాముడి దగ్గరికి పంపాను. "వెలుగు తగిల్తే బొమ్మ ఆడికాడికే చెడిపోతాదంటమ్మా" అని వచ్చి చెప్పాడు. నా మొహం చూసి మగ్గం గుంటలోకి దిగి కూర్చున్నాడు గానీ చాలాసేపు మగ్గం ఆడిన చప్పుడు వినపడలేదు.

సముద్రం తీసుకుపోయింది ఉత్త గాజు పలక. బిడ్డ మొహాన్ని చెరిపింది నేను. మీరు కాదు. ఇది ఈ ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేకుండా ఉన్నాను. ఏడవడానికి కూడా నాకు మీరే కావాలి.

ఇంకొకటి. నిన్నటి నుంచి ఎంత తలుచుకున్నా దాని మొహం సరిగా గుర్తు రావడం లేదు. కళ్లు వస్తే ముక్కు రావడం లేదు. మీరు నల్లగుడ్డ కింద నుంచి దాన్ని కదలకుండా చాలాసేపు చూశారు. మీకు గుర్తుంటుంది. వచ్చి చెప్పండి.

సరోజమ్మ