చివరి పదకొండు కాగితాలు

అద్దంకి

గుల్షన్,

నువ్విచ్చిన యుద్ధం నవల పూర్తిచేశాను. అందులో సైన్యాన్ని నడిపే ఆ పిల్ల ఎంతమందిని చంపినా నాకు దానిమీదే ప్రాణం. మిర్చి షెడ్డులో రోజూ పైకి చదివాను. నా వేళ్ళకి కారం అంటితే పేజీలు పాడవుతాయని, నా వంతు కాయలకి కూడా మిగతావాళ్ళే తొడిమలు తీశారు.

ఎలీసమ్మ గుర్తుందిగా, సైన్యంలో చనిపోయిన మహిమ వాళ్ళమ్మ. మూసిన పెట్టె వచ్చింది, కూతురి మొహం కూడా చూడలేదు. రోజూ ఒకటే అడిగేది: "ఆ పిల్ల ఇంటికొస్తుందా అమ్మాయ్?"

నవల్లో రాదు. కోటకి తనే నిప్పుపెట్టి, సైన్యంతో సహా కాలిపోతుంది. ఆవిడ ముందు అది చదవలేదు. పుస్తకంలోకి చూస్తూనే, ఇంటికొచ్చిందనీ, వాళ్ళమ్మ అన్నం పెట్టిందనీ అల్లి చెప్పాను. ఎలీసమ్మ కారం చేతులతోనే కళ్ళు తుడుచుకుంది.

నిన్న పుస్తకం తనకిమ్మంది. ఆ అన్నం పెట్టే ముక్క కోడలిచేత రోజూ చదివించుకుంటుందట. ఏం చెయ్యను? చివరి కాగితాలు చించేసి, ఆ ముక్క నా చేత్తో రాసి అతికించి ఇచ్చాను. కోడలికి తెలిసిపోతుంది. నోరు మెదపదనే నా నమ్మకం.

పుస్తకం పాడుచేశానని తిడితే తిట్టు. చించిన పదకొండూ ఈ కవర్లోనే పెట్టాను. పారెయ్యకు. నాకు నచ్చిన ముగింపు వాటిలో ఉన్నదే.