అందరికీ ఒకటే ధర

అమ్మకు,

నీ పెద్దదాని నమస్కారాలు. ఇక్కడ నేను, ఆయన, పాప ముగ్గురం కులాసా. అక్కడ హాస్టల్లో నూట ఇరవై మంది ఆడపిల్లల మీద కేకలేస్తూ నువ్వూ, నీ గొంతూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం మంగళవారం అందింది. అడిగినవాటికి వరసగా జవాబులు రాస్తాను కానీ, సంబరంలో చెయ్యి నిలవడం లేదు, అక్షరాలు గంతులేస్తే సర్దుకో. పాప దగ్గు తగ్గింది. బడిలో ల్యాబు ఉద్యోగం మానలేదు, మానను. మధ్యాహ్నం రెండింటికి గాజు సీసాలు కడిగి, తాళం వేసి వచ్చేస్తున్నాను. ఇళ్ళలో మరమ్మతులకు వెళ్ళేది శని, ఆదివారాలే. నిచ్చెన ఎక్కుతున్నావా అని అడిగావు. ఎక్కుతున్నాను. కింద ఎవరైనా పట్టుకుంటేనే.

ఇక నీ పెద్ద ప్రశ్న. "తేరగా చేసి ఒళ్ళు హూనం చేసుకుంటున్నావా, లేక జనాన్ని దోచేస్తున్నావా?" అన్నావు. ఏం చెప్పను, రెండూ చేశాను.

మొదట్లో "మీకు తోచినంత ఇవ్వండి" అనేదాన్ని. అది మర్యాద అనుకున్నాను. తీరా చూస్తే ఎదుటివాళ్ళకు అదొక పరీక్ష. ఎంతిస్తే చిన్నబుచ్చుకుంటుందో, ఎంతిస్తే ఎక్కువవుతుందో తెలియక పాపం వాళ్ళు నా మొహం చూసేవాళ్ళు, నేను నేల చూసేదాన్ని. తర్వాత ధైర్యం చేసి నేనే ధర చెప్పడం మొదలుపెట్టాను. అయితే ఇంటిని చూసి చెప్పేదాన్ని. మా వీధి దర్జీ ఆవిడ తలుపుకి బందులు మార్చి వంద తీసుకున్నాను. అవే బందులు, అదే పని, పళ్ళ డాక్టరుగారింట్లో చేసి మూడొందలు అడిగాను. దర్జీ ఆవిడకి పన్ను నొప్పి వస్తుందని నేను కలగన్నానా!

ఆవిడ నోరు తెరిచి ఆ డాక్టరుగారి కుర్చీలో కూర్చుని, పన్ను సంగతితోపాటు తలుపు సంగతీ చెప్పేసింది. ఆ సాయంత్రమే డాక్టరుగారి ఫోను. "ఏమ్మా, మా తలుపుకి బంగారు బందులేమైనా బిగించావా?"

చెవులు కాలిపోయాయి. ఎక్కువ తీసుకున్న రెండొందలూ పట్టుకుని పరుగెత్తాను. డాక్టరుగారు తీసుకున్నారు గానీ మొహం విప్పలేదు.

"డబ్బుకి కాదమ్మా. నా వాకిలి చూసి ధర చెప్పావే, అది గుచ్చుకుంది. నువ్వొస్తే నేను చీర చూసి పన్నుకి ధర చెప్తే ఒప్పుకుంటావా?"

ఇంటికొచ్చి ఇక ఈ పని మానేస్తానని పానాలన్నీ సంచిలో పడేశాను. మా ఆయన బస్సు డ్యూటీ దిగి వచ్చి, సంగతి విని, నవ్వకుండా కాగితం తీశారు. "స్క్రూ తిప్పిన సేపే పని అనుకుంటున్నావు నువ్వు. నడిచి వెళ్ళిన సేపు ఎవరిది? వాషరు కోసం దుకాణంలో నిలబడ్డ సేపు ఎవరిది? డ్రిల్లు అరిగితే మీ అమ్మ కొంటుందా?" అన్నారు. (నీ మాట ఎందుకొచ్చిందో ఆయన్నే అడుగు.) రెండు వారాలు గడియారం పెట్టుకుని రాసుకున్నాం. మూడు గంటలు పని చేస్తే రెండు గంటలు తిరుగుడే!

అప్పుడు ఒక అట్టమీద రాశాను. గుమ్మంలోకి వచ్చినందుకూ మొదటి అరగంటకూ కలిపి నూట యాభై. ఆపైన ప్రతి అరగంటకూ డెబ్భై అయిదు. సామాను దుకాణం రసీదు ప్రకారం. తప్పు నాదైతే మళ్ళీ ఊరికే చేస్తాను. అందరికీ ఒకటే ధర. అట్టను సంచికి కట్టేశాను. అమ్మా, ఇన్నాళ్ళూ డబ్బు మాట వస్తే గొంతులో వెలక్కాయ పడేది. ఇప్పుడు అట్టమీద వేలు పెడితే చాలు. దర్జీ ఆవిడకి కూడా చూపించాను. "ఇదే నయం, ఇదివరకు నీకు అన్యాయం చేశానేమోనని నాకు నిద్ర పట్టేది కాదు" అంది.

ఇంత రాసినా అసలు సంగతి రాయలేదు. దాచితే నిలవదు కనుక చెప్పేస్తాను. "కింద వాటా పిన్ని దగ్గర మాత్రం చెయ్యి చాపకు. నీ కాన్పుకి నెల్లాళ్ళు వండిపెట్టిన మనిషి" అని రాశావు. చాపాను.

నీ ఉత్తరంలో ఆవిడ కోసం పెట్టిన చీటీ ఇవ్వడానికి దిగాను. వంటింటి కుళాయికి గుడ్డ కట్టి, కింద బాల్చీ పెట్టి ఉంది. మూడు నెలలుగా అంతేనట.

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం పిన్నీ?"

"ఎలా చెప్పనే? కిందటేడు తలుపు చేశావు, అంతకుముందు గొళ్ళెం. రూపాయి ముట్టవు. ఊరికే చేయించుకోవడానికి ఎన్నిసార్లు నోరు తెరవను?"

నా ఉదారత ఆవిడ ఇంట్లో బాల్చీ నింపుతోంది! వెంటనే కుళాయి విప్పి బాగుచేశాను. గంట పట్టింది. "ఎంత?" అంది. అట్ట చూపించాను. "రెండొందల ఇరవై అయిదు, వాషరు పదిహేను."

పిన్ని కళ్ళజోడు పెట్టుకుని అట్టంతా చదివి లోపలికి వెళ్ళిపోయింది. అయిపోయింది, అలిగిందనుకున్నాను. ఎంతకీ రాదు. లోపలినుంచి టకటకా చప్పుడు. ఆవిడ పదకొండేళ్ళ క్రితం దాకా టైపు నేర్పేది కదా, ఆ మిషను! డబ్బుతోపాటు కాగితం తెచ్చి చేతిలో పెట్టింది. ఏడు పనులు వరసగా కొట్టి ఉన్నాయి. కిటికీ గడియ, బీరువా కాలు, బయటి దీపం...

"వచ్చే శనివారం తొమ్మిదికల్లా రా. ఆలస్యమైతే ఊరుకోను, డబ్బులిస్తున్నాను" అంది. "ఆ అట్ట మీద రాత చూడలేకపోతున్నాను, శుభ్రంగా టైపు కొట్టి ఇస్తాను."

నిన్న అట్టమీది ధరలే ఇరవై నాలుగు కార్డుల మీద కొట్టి తెచ్చింది. సంబరంగా అందుకోబోతే వెనక్కి లాక్కుంది. "కార్డుకి అయిదు. నూట ఇరవై." నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. "ఏం, నా వేళ్ళు వేళ్ళు కావా? రిబ్బను ఊరికే వస్తుందా?"

లెక్కపెట్టి ఇచ్చాను. ఆవిడ రెండుసార్లు లెక్కపెట్టుకుని, కొంగున ముడివేసుకుని, నిటారుగా మెట్లు దిగింది. మిషను మూసేశాక ఆవిడ చేతికొచ్చిన మొదటి సంపాదన అదేనమ్మా.

ఇట్లు,
నీ చివాట్లకు సిద్ధంగా ఉన్న
పెద్దమ్మాయి