పదికి మూడు

అక్కకు,

ప్రేమతో అని మొదలుపెట్టడానికి మనసొప్పలేదు. ఊరికే వదిలేస్తే అందులోనూ తప్పు పడతావని ముందే చెబుతున్నాను.

నన్ను వెతకకు. మా టైలరు షాపు పైగదిలో ఉన్నాను. తానులు దింపుతూ నిచ్చెన మీంచి పడి, తలకు దెబ్బ తగిలి ఐదు నెలలైంది. ఆస్పత్రి నుంచి నీ ఇంటికి తెచ్చిన రోజు నుంచీ నువ్వు అక్కవి కాదు, లెక్కల టీచరువి. రోజూ సాయంత్రం హాల్లో కుర్చీ వేసి పది ప్రశ్నలు. నిన్నటి కూర ఏమిటి, వందలోంచి ఏడు తీస్తే ఎంత. చూడ్డానికి వచ్చినవాళ్లంతా సోఫాలో కూర్చుని వినేవాళ్లు. నేను తడబడితే పక్కింటావిడ అయ్యో పాపం అనేది. నువ్వేమో నోటుబుక్కులో ఎర్ర సిరాతో పదికి మూడు వేసి, నాకు బద్ధకమని వాళ్లతో చెప్పేదానివి.

మధ్యాహ్నం మూడు దాటితే చాలు, నాకు చెమటలు పట్టేవి. తలపోటు, నిద్ర లేదు. మనసు మీద ఒత్తిడి పెడితే కోలుకోవడం ఆలస్యమవుతుందని డాక్టరు నీ ముందే చెప్పాడు. "మా వాడి సంగతి నాకు తెలుసు" అన్నావు. ఏం తెలుసు నీకు? ఇరవై ఏళ్లు బట్టలు కత్తిరించినవాణ్ని, పోయిన నెల కత్తెర చూపిస్తే దాని పేరు నోటికి రాలేదు. అందరి ముందూ ఏడ్చాను. దానికీ ఎర్రగా ఇంటూ కొట్టావు.

ఇక్కడ ఓనరు నన్నేమీ అడగడు. గుండీలు కుట్టమని ఇచ్చి తన పని చూసుకుంటాడు. నిన్న ఒక చొక్కా కత్తిరించాను. కాలరు సరిగ్గా వచ్చింది. నాకు పని చేతికొస్తోంది, నువ్వు వస్తే మళ్లీ పోతుంది. రావద్దు.

తమ్ముడు

తమ్ముడికి,

నీ ఉత్తరం చదివి ఒళ్లు మండింది. నీకు అన్నం తినిపించి, స్నానం చేయించినదాన్ని, నాకా ఈ మాటలు? నాదే ఒప్పని తేల్చుకుందామని నోటుబుక్కు పట్టుకుని డాక్టరు మీదికి పోట్లాటకు వెళ్లాను. ఆయన పేజీలు తిప్పి, కొన్ని రోజులు ఎనిమిదీ తొమ్మిదీ ఎలా వచ్చాయని అడిగాడు. నాకు పని ఎక్కువై, వంటింట్లో కూరలు తరుగుతూ అడిగిన రోజులవి. అప్పుడు మనిద్దరమే. అదే చెప్పాను.

"అయితే ఈ మూళ్లన్నీ మీకొచ్చిన మార్కులండీ" అన్నాడు.

తలుపు తీసే ఉంది. బయట బెంచీల మీదున్న వాళ్లంతా విన్నారు. ఎవరో నవ్వారు కూడా. కిందికొచ్చి ఆటో ఎక్కితే, ఏ వీధి అని డ్రైవరు అడిగాడు. పదిహేనేళ్లుగా ఉంటున్న వీధిరా, పేరు నోటికి రాలేదు. అతను మళ్లీ అడిగేసరికి ఏడుపొచ్చింది.

నీ మీద కోపం పోలేదు. అయినా రాను. ఎలా ఉన్నావని కూడా అడగను.

అక్క